నెంద్ర గడ్డికి పది రోజుల కావలి

ఆ రోజుల్లో గడ్డి పేరు తెలుసుకోవాలంటే మనిషి నేల మీద కూర్చోవలసి వచ్చేది. ఇప్పుడు నా దగ్గర చదువుకునే ఇంటరు పిల్లలు నిలబడిన చోటి నుంచే ఫోను చూపిస్తారు, అది ఏదో ఒక పేరు చెబుతుంది, వాళ్లు ముందుకు సాగిపోతారు. మోకాళ్లకు మట్టి అంటదు, సాక్సుల్లో ముళ్లు దిగవు, ఎవరూ దొంగ అనరు. నన్ను అన్నారు. చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. ఎవరెవరు అన్నారో, ఏ వరుసలో అన్నారో, అప్పుడు ఎవరి చేతిలో ఏముందో కూడా నాకు గుర్తుంది. (మా ఆవిడ దీన్ని నా జ్ఞాపకశక్తి అంటుంది. అది పొగడ్త కాదని ఆమె అనే తీరులోనే తెలుస్తుంది. ఆ తీరు కూడా గుర్తుపెట్టుకున్నాను.)

కడపలో బి.ఎస్సీ. వృక్షశాస్త్రం ముగించి ఇంట్లో ఖాళీగా కూర్చున్న ఏడాది అది. కర్నూలులో ఒక కాలేజీ వాళ్లు, పడమటి మండలాల బీళ్లలో ఏయే గడ్డి మొలుస్తోందో చూసి రాయడానికి రెండు నెలలకు ఒక సహాయకుడు కావాలన్నారు. అర్జీ పెట్టాను, రమ్మన్నారు. బయలుదేరే ముందురోజు మా మేనమామ వచ్చాడు. ఆయన మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనిచేసేవాడు. ఎంత స్నానం చేసినా కనుబొమ్మల్లో తెల్లటి పొడి మిగిలే ఉండేది. ఆ తెల్ల కనుబొమ్మలు పైకెత్తి, అమ్మ వడ్డిస్తుండగా అందరి ముందూ అడిగాడు. "డిగ్రీ చదివి గడ్డి పీకేదానికి పోతాండావా అల్లుడా?"

ఆయన అక్కడితో ఆగలేదు.

"మేం తవ్విన రాయి ఓడలెక్కి దేశాలు పోతాది. నువ్వు పీకిన గడ్డి యాడికి పోతాది?"

"యాడికీ పోదు మామా. కాగితానికి అంటించి బీరువాలో పెడతారు. కింద, సేకరించింది ఎవరని నా పేరు రాస్తారు. వందేండ్లయినా ఉంటాది."

"గడ్డి కింద నీ పేరా? సరే, రాసినాక నాకు చూపియ్యి. అంతవరకు నేను నమ్మను," అని మజ్జిగ అడిగాడు. ఆ మజ్జిగ గ్లాసు ఎత్తి తాగుతూ కూడా నవ్వాడు. నా పేరు ఆ కాగితం మీద పడితేనే నేను మళ్లీ ఆయన ఎదుట కూర్చుని అన్నం తినాలని ఆ పూటే నిశ్చయించుకున్నాను.

నన్ను పనిలో పెట్టుకున్నాయన మెడలో ఎప్పుడూ నల్ల తాడుకు ఒక చిన్న భూతద్దం వేలాడుతుండేది. కాలేజీలో అందరూ ఆయన్ను లెన్సు సారు అనేవాళ్లు. ఆయన మొదటి రోజు నా అర్జీ చూసి, నా పేరు పూర్తిగా చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఏమప్పా కడపా, బ్యాగు తీసుకొని ఎక్కు," అన్నారు. ఆ రోజు నుంచి నా పేరు కడప. ఆయనతో ఉన్నన్నాళ్లలో ఒక్కసారి కూడా అమ్మానాన్నలు పెట్టిన పేరుతో పిలవలేదు. (కర్నూలు వాళ్లకు కడప వాళ్లంటే ఉన్న చిన్నచూపు సంగతి వేరే చెప్పాలి. ఇక్కడ చోటు చాలదు.)

కోసిగి పక్క ఒక ఊళ్లో గది తీసుకున్నాం. సారుకు గోడ పక్క మంచం, నాకు కిటికీ కింద చాప. రెండో రోజుకే నాకు జలుబు పట్టింది. కళ్లు ఎర్రగా, ముక్కు దిబ్బడ, పొద్దున లేస్తే వరసగా పదిహేను తుమ్ములు. ఇది కిటికీ వల్ల వచ్చిందని నేను. "కాదు కడపా, నీకు గడ్డి పుప్పొడి పడలేదు," అని సారు. గడ్డి చూడడానికి వచ్చినవాడికి గడ్డి పడకపోవడం ఏమిటని నేను ఒప్పుకోలేదు. పడకలు మార్చుకుందామని అడిగాను. ఆయన మార్చలేదు. ఆ జలుబు ఆ ఊరు వదిలేదాకా పోలేదు.

మేము వెతుకుతున్నది నెంద్ర గడ్డిని. ఒకప్పుడు ఈ పక్క బీళ్ల నిండా అదే ఉండేదని సారు దగ్గరున్న పాత కాగితాల్లో ఉంది. పశువులు దాన్ని ఇష్టంగా తింటాయి. ఎంత ఇష్టంగా అంటే తిని తిని మిగల్చలేదు. అది పోయిన చోట ఇప్పుడు బట్టలకు గుచ్చుకునే సూదిగడ్డి, అదీ పోయిన చోట ఉత్త రాళ్లు. సారు మొదటి పాఠం చెబుతూ నేల మీద పుల్లతో గీసి చూపించారు. కాడ చివర ఒకే ఒక్క కంకి, పాలిపోయిన రంగు. గింజ పొట్టు మీద దువ్వెన పళ్లలాగా నిలువు గీతలు. పొట్టు కొసన రెండు వెంట్రుకలు. ఆకు మీద పలచని నీలి ఛాయ. దుబ్బు దుబ్బుగా పెరుగుతుంది. "ముందు కంటితో చూడు. తర్వాత చేత్తో తాకు. తర్వాత నలిపి వాసన చూడు. ఈ మూడూ కాకముందు పేరు చెప్పొద్దు," అన్నారు. నోటుబుక్కులో రాసుకున్నాను. రాసుకుంటూ తుమ్మాను.

"ఎవరి చెయ్యి దాని మీద ముందు పడితే కాగితం మీద వాళ్ల పేరే రాస్తా కడపా. నాది కాదు," అన్నారు ఆ రోజే. ఆ మాట కూడా నోటుబుక్కులో రాసుకున్నాను, తేదీతో సహా.

మూడు వారాలు తిరిగాం. ఏ బీడు చూసినా గొర్రెలు నేల దాకా కొరికేసి, క్షవరం చేసిన తలలాగా ఉండేది. సాయంత్రం గదికి వచ్చి నేను ప్యాంటు అంచుల్లో నుంచి సూదిగడ్డి ముళ్లు పీక్కుంటూ కూర్చుంటే, సారు వాటిని లెన్సు కింద పెట్టి, "ఇది యాడ పట్టింది, ఏ వాలున పట్టింది?" అని పరీక్ష పెట్టేవారు. నేను చెప్పలేకపోతే, "గడ్డి పేరు ఎవరైనా చెప్తారు కడపా. అది యాడ ఉంటాదో చెప్పేవాడే గడ్డి తెలిసినోడు," అనేవారు. ఈ మాట ఆయన కనీసం ఆరుసార్లు అన్నారు.

ఆ ఊరి పెద్దమనిషికి నలభై గొర్రెలుండేవి. నడి ఎండలో కూడా భుజం మీద గొంగడి దించేవాడు కాదు కాబట్టి మేమిద్దరం ఆయన్ను గొంగడి తాత అనుకునేవాళ్లం. ఒక పొద్దున సారు ఏదో పని మీద బండేసుకుని టౌనుకు పోతే, నేను తాతను పట్టుకున్నాను.

"తాతా, నెంద్ర గడ్డి ఈ పక్క యాడైనా ఉండాదా?"

తాత నవ్వాడు. "గొర్రె నోరు పెట్టని కాడ ఉంటాదప్పా."

"గొర్రె నోరు పెట్టని చోటు ఈ మండలంలో ఉందా తాతా?"

"కావలి బీడు ఉండాది కదా," అని తాత గుట్ట వైపు గడ్డం చూపించి గొర్రెల వెంట పోయాడు.

కావలి బీడంటే ఊరందరి ఎద్దుల కోసం వదిలిపెట్టిన వాలు నేల. మొదటి వాన పడ్డ రోజు నుంచి దీపావళి తర్వాత వచ్చే సోమవారం దాకా అందులోకి గొర్రె పోకూడదు, మనిషి పోకూడదు, కొడవలి పోకూడదు. (సోమవారం అక్కడ ఎద్దులకు కాడి కట్టరు. ఆ రోజే కోత.) ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఎలా తెలిసిందో ఇప్పుడు చెప్తాను.

ఆ మధ్యాహ్నమే నేను ఒక్కణ్ణే వెళ్లాను. చుట్టూ తుమ్మకంప. కంప ఎవరు వేశారు, ఎందుకు వేశారు అని ఆలోచించేంత తీరిక నాకు లేదు. దూరి లోపలికి పోయాను. కుడిచేతి చొక్కా గుడ్డ కొంచెం కంపకే మిగిలింది. లోపల మోకాళ్లెత్తు గడ్డి. మూడు వారాల తర్వాత అంత గడ్డి చూసేసరికి నాకు ఒళ్లు పులకరించింది. కింద వంక గట్టున పెద్ద పెద్ద దుబ్బులు, ఆకుల మీద నీలి ఛాయ, ఇంకా కంకి వేయలేదు. కంటితో చూశాను, సరిపోయింది. చేత్తో తాకాను, సరిపోయింది. మూడోది చేయబోయి ముక్కుతో ప్రయత్నించాను గానీ, ఆ ముక్కుకు ఆ నెలలో నా సొంత చెమట వాసన కూడా తెలియలేదు. మూడింట రెండు సరిపోతే చాలనుకున్నాను. వేళ్లతో సహా మూడు దుబ్బులు పెరికి, మట్టి దులిపి, పేపర్లో చుడుతుండగా వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఎవురి ఎద్దుకప్పా అది?"

చేతిలో పొడుగాటి కర్రతో ఒక అవ్వ. ఆ బీటికి పగలు కావలి ఆమెదేనట. కంపకు వేలాడుతున్న నా చొక్కా గుడ్డ కూడా అప్పటికే ఆమె చేతిలో ఉంది.

"ఎద్దుకు కాదవ్వా. సైన్సుకు."

"సైన్సుకు ఎన్ని ఎద్దులుండాయి?"

"ఎద్దులు లేవవ్వా."

"ఎద్దుల్లేకుండా గడ్డేంటికి?"

పేరు కనుక్కోవడానికి అన్నాను. పేరు కావాలంటే అడగాలి గానీ పెరకడమేంటికి అంది. అంటూనే పేపరు చుట్ట లాక్కుని చంకలో పెట్టుకుని, కర్రతో నన్ను ముందు నడిపించుకుంటూ ఊళ్లోకి తీసుకుపోయింది. దారిలో ఎదురైన ప్రతివాళ్లకూ, "కావలి బీట్లో గడ్డిదొంగ దొరికినాడు," అని చెప్పింది. నేను లెక్కపెట్టాను. పదకొండు మందికి చెప్పింది.

పాలకేంద్రం అరుగు మీద పంచాయితీ. తీర్పు చెప్పేది గొంగడి తాత. నాకు ధైర్యం వచ్చింది.

"తాతా, పొద్దున నువ్వే కదా ఆడుంటాదని చెప్పింది?"

"ఉంటాదని చెప్పినా. పెరకమని చెప్పినానా?"

అంతలో సారు బండి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. ఇక నా పక్షాన సైన్సు మాట్లాడుతుంది అనుకున్నాను. సారు ఎవరితోనూ ఏమీ అనకుండా అవ్వ చేతిలోని పేపరు చుట్ట తీసుకుని, కొంచెం విప్పి, ముఖం దగ్గరగా పెట్టుకుని, ఒక్క క్షణం అలాగే ఉండి, మళ్లీ మడిచేశారు. నవ్వు దాచుకోవడానికి అలా చేశారని అనుకున్నాను.

"ఈ పిల్లోడు మీవాడేనా సార్?" అన్నాడు తాత.

"మావాడే. కావలి బీట్లోకి పోవద్దని చెప్పినా. మీ కట్టుబాటు ఎట్లుంటే అట్లే చేయండి."

"ఎప్పుడు చెప్పారు సార్?" అన్నాను.

"నువ్వు తుమ్ముతాండేటప్పుడు," అన్నారు సారు.

ఆ ఊరి కట్టుబాటు ఇది. కోతకు ముందు కావలి బీట్లో గడ్డి ముట్టినవాడు, కోత రోజు దాకా దానికే పగటి కావలి కాయాలి. కోత రోజు మొదటి మోపు వాడే కోసి, ఊళ్లోకల్లా ముసలి ఎద్దుకు తన చేత్తో తినిపించాలి. ఎద్దు తింటే తప్పు పోయినట్టు.

"తినకపోతే?" అన్నాను. అడగడం నా హక్కు.

"తినకుండా ఏ ఎద్దుంటాదప్పా. నా వయసులో చూడలే," అన్నాడు తాత.

ఆ పూట నుంచే కావలి మొదలు. ఎండలో, చిరిగిన చొక్కాతో, అవ్వ ఇచ్చిన కర్ర పట్టుకుని గుట్ట ఎక్కాను. సారు బండి మీద పోతూ, "కంకి వేస్తే కబురు పంపు కడపా," అన్నారు. తర్వాత కోత రోజు దాకా ఒక్కసారి కూడా చూడడానికి రాలేదు. జలుబు మాత్రలు మాత్రం పాలబండి వాడితో పంపారు. పని చేయలేదు.

నేను కూర్చోవడానికి ఒక చోటు ఏర్పాటు చేసుకున్నాను. వాలులో పైభాగాన ఎర్ర గరుసు నేల, గులకరాళ్లు ఒత్తుకుంటాయి. అయితే ఒకచోట సన్నటి గడ్డి దుబ్బులు కొన్ని దగ్గరదగ్గరగా ఉన్నాయి. వాటిని కాళ్లతో అణిచి, మీద తువ్వాలు పరిస్తే మెత్తగా పరుపులా ఉండేది. అక్కడ కూర్చుంటే కింద వంక గట్టున నా గడ్డి, అంటే నేను కనిపెట్టిన గడ్డి, బాగా కనిపించేది. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా దాని వైపే చూస్తూ కూర్చునేవాణ్ణి. కంకి వస్తుంది, ఒకే ఒక్క కంకి, కొసన రెండు వెంట్రుకలు, సారుకు చూపిస్తాను, కాగితం మీద నా పేరు, తర్వాత మామ ఎదుట అన్నం. రోజూ ఇదే వరుసలో అనుకునేవాణ్ణి.

మధ్యాహ్నం అవ్వ జొన్నరొట్టె, శెనక్కాయల పొడి తెచ్చేది. దొంగకు అన్నం పెట్టడం కూడా కట్టుబాటులో ఉందో లేదో నేను అడగలేదు. రొట్టె ఇచ్చి పక్కన కూర్చుని, నేను చూస్తున్న వైపు కాసేపు తనూ చూసేది.

"ఆ పక్కకు ఏంటికప్పా అట్ల చూస్తాండావు? ఆడేముండాది?"

"అది మీకు తెలీదులే అవ్వా."

"నాకు తెలీదా," అని అవ్వ నన్నూ, నా తువ్వాలునూ మార్చి మార్చి చూసి, "ఒగ తూరి ఈ పక్కకు తిరిగి కూర్చోరాదా," అనేది.

"ఎండ కొడతాదవ్వా."

"సరే, నీ ఇష్టం. శానా చదువుకున్నోడివి."

ఈ సంభాషణ రోజూ జరిగింది. నాలుగో రోజు మాత్రం కంప సందులో నుంచి ఒక గొర్రె దూరింది. చెవికి పెట్టిన గుర్తు కోత చూస్తే గొంగడి తాతదే. నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. దాన్ని పట్టుకుని, తువ్వాలుతో మెడకు కట్టి, పాలకేంద్రం అరుగు దాకా నడిపించుకుపోయాను. "తాతా, కోతకు ముందు కావలి బీట్లో గడ్డి ముట్టింది. దీనికేం కట్టుబాటు?" అన్నాను. తాత గొర్రెను చూశాడు, నన్ను చూశాడు. "ఇది చదువుకోలేదు కదప్పా," అన్నాడు. అరుగు మీదున్న వాళ్లంతా నవ్వారు. గొర్రెను వదిలేశారు. నన్ను వదల్లేదు. ఆ ఊళ్లో న్యాయం ఎట్లా ఉండేదో చెప్పడానికి ఇది రాస్తున్నాను.

కోత సోమవారం వచ్చింది. ఊరంతా కొడవళ్లతో గుట్ట కింద చేరింది. సారు కూడా వచ్చారు, తెల్ల చొక్కా వేసుకుని, అట్టలు, పేపర్లు, కట్టే తాడు అన్నీ తీసుకుని. ఆ సామాను చూసి, నా పేరు రాయడానికే తెచ్చారని సంతోషించాను. అవ్వ నా చేతికి కొడవలి ఇచ్చింది. అందరూ చూస్తుండగా నేను నేరుగా వంక గట్టుకు దిగి, నా గడ్డిలో మంచి దుబ్బులు ఏరి, ఒక మోపు కోసి, నెత్తిన పెట్టుకుని పైకి వచ్చాను. దారిలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో, "పోనీలేప్పా, తెచ్చుకోనీ," అన్నారు. తల మీద మోపు ఉండడం వల్ల ఎవరని చూడలేకపోయాను. (ఆ ఇద్దరూ ఎవరో ఇప్పటికీ తెలియదు. నా లెక్కల్లో ఖాళీగా ఉన్న గళ్లు ఈ రెండే.)

ముసలి ఎద్దు అవ్వదే. ఒక కొమ్ము అరిగిపోయి, పని మానేసి, ఇంటి పెద్దలాగా నిలబడి ఉంది. దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని, పిడికెడు గడ్డి తీసి నోటికి అందించాను. ఎద్దు ముక్కు ఆనించి చూసింది. కళ్లు సగం మూసింది. గట్టిగా ఒక ఊపిరి వదిలింది. ఆ ఊపిరితో పాటు వచ్చిందంతా నా ముఖం మీద, చొక్కా మీద పడింది. తర్వాత తల పక్కకు తిప్పేసుకుంది. నేను ఆ పక్కకు వెళ్లి మళ్లీ పెట్టాను. ఈ పక్కకు తిప్పింది.

గొంగడి తాత నిజంగానే భయపడ్డాడు, అలాంటిది తన వయసులో చూడలేదు కాబట్టి. అప్పుడు అవ్వ నా చేతిలోని గడ్డి తీసుకుని, రెండు ఆకులు నలిపి, నా ముక్కు కింద పెట్టింది.

"ఏం వాసనొస్తాండాది?"

"ఏం రాలేదవ్వా."

"దేవుడా. ఈ పిల్లోనికి ముక్కు పన్జేయలేదు. ఇది బోద గడ్డప్పా. కొట్టం మీద కప్పుకునే గడ్డి. ఊరవతల నుంచే వాసనొస్తాది. దీన్ని ఏ ఎద్దు తింటాది?"

అప్పుడు నవ్వారు. ఊరు ఊరంతా కొడవళ్లు పట్టుకుని నవ్వితే ఎలా ఉంటుందో నేను చూశాను. సారు లెన్సు తుడుచుకుంటూ నవ్వారు. నవ్వు ఆగాక అవ్వ నా చెయ్యి పట్టుకుని వాలు మీదికి, నేను పది రోజులు కూర్చున్న చోటికి తీసుకుపోయింది. నా కొలతకు సరిగ్గా సరిపోయేలా ఒక గుండ్రటి పల్లం, అందులో చాపలా అణిగిపోయిన గడ్డి. పల్లం అంచున, నా బరువు పడని చోట, నాలుగైదు కాడలు నిటారుగా నిలబడి ఉన్నాయి. కాడకు ఒకే ఒక్క కంకి, పాలిపోయిన రంగు.

"ఇది నెంద్ర," అంది అవ్వ. "ఈ పక్కకు తిరుగు, ఈ పక్కకు తిరుగు అని దినామూ చెప్పినా. నేను చెప్తే ఇన్యావా?"

సారు మోకాళ్ల మీద కూర్చుని లెన్సు పెట్టారు. తెల్ల ప్యాంటుకు ఎర్రమట్టి అంటినా చూసుకోలేదు. నిలువు గీతలు, కొసన రెండు వెంట్రుకలు. చాలాసేపు చూశారు. లేచాక ఆయన కళ్లు కూడా జలుబు చేసినట్టే ఉన్నాయి. అవ్వ పిడికెడు నెంద్ర కోసి నా చేతిలో పెట్టింది, నేను ఎద్దుకు పెట్టాను. అది తిని, నా చెయ్యి మోచేతి దాకా నాకింది. అంతటితో నా తప్పు పోయింది. తర్వాత సారు తాతను అడిగి, ఒక్క దుబ్బు వేళ్లతో సహా కావాలన్నారు. అవ్వే గడ్డపారతో పెకలించి, మట్టి దులిపి ఇచ్చింది. సారు అక్కడే బండ మీద చీటీ పెట్టి రాయడం మొదలుపెట్టారు. నేను భుజం మీద నుంచి చూశాను. సేకరించినవారు అన్న చోట అవ్వ పేరు, ఇంటిపేరుతో సహా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు.

"సార్," అన్నాను. "పది దినాలు కాపలా కాసింది నేను."

"ముందు చెయ్యి పడింది ఆమెది కడపా. మాట అంటే మాటే."

"నా చెయ్యి పడకపోవచ్చు సార్. నేను మొత్తంగా పడి ఉన్నాను కదా దాని మీద."

సారు నవ్వి ఇంకేదో రాయబోయారు. నేను చూడలేదు. కర్ర అవ్వకు ఇచ్చేసి, గదికి పోయి, బ్యాగు సర్దుకుని, సాయంత్రం బస్సుకు కడప దారి పట్టాను. ఇంకా నెల పని మిగిలే ఉంది. ఉండనీ అనుకున్నాను. ఇంటికి పోయాక మామ, "పేరు రాసినారా అల్లుడా?" అంటే, "రాస్తాండారు," అన్నాను. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆయనతో ఒకే పంక్తిలో కూర్చోకుండా, పెళ్లిళ్లలో కూడా రెండో బంతికే కూర్చుంటూ వచ్చాను.

ఆ కాలేజీకి ఏడు ఉత్తరాలు రాశాను. ఫలానా నెంద్ర గడ్డి నమూనా విషయంలో సేకరించినవారి వివరాలు సవరించవలసిందిగా ప్రార్థన. ఒక్కదానికే జవాబు వచ్చింది. పరిశీలిస్తున్నామని. ఈ లోపల నేను ఎమ్మెస్సీ చదివి, కడపలోనే ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరి, సంసారం పెట్టుకుని, జుట్టు పలచబడి, అన్నీ జరిగాయి. జలుబు మాత్రం ఏటా గడ్డి పూసే కాలానికి ఠంచనుగా వస్తుంది. డాక్టరు పుప్పొడి వల్లే అన్నాడు. నేను రెండో డాక్టరు దగ్గరికి పోయాను. ఆయనా అదే అన్నాడు.

మొన్న మా ఇంటర్ పిల్లల్ని తీసుకుని కర్నూలులో ఆ కాలేజీకే వెళ్లాను, ఎండబెట్టిన మొక్కల గది చూపించడానికి. ఎనిమిదో ఉత్తరం జేబులో ఉంది, ఈసారి నేరుగా చేతికే ఇద్దామని. అక్కడి అటెండరు నేను బయటికి తీసిన ఉత్తరం పైన ఊరి పేరు చూసి, తల ఎత్తి నన్ను చూసి, "మీరేనా సార్ కడప?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అవునన్నాను.

"లెన్సు సారు రిటైరై పోయేటప్పుడు చెప్పిపోయినారు సార్. ఎప్పుడో ఒకప్పుడు కడప నుంచి ఒకాయన అర్జీ పట్టుకొని వస్తాడు, వచ్చినప్పుడు ఆ కాగితం కింది దాకా చదివించు అని. నేను చూసి చూసి మీరు రారేమో అనుకున్నా," అంటూ బీరువా తీసి, అట్ట విప్పి నా ముందు పెట్టాడు.

నెంద్ర గడ్డి. రంగు పోయింది గానీ కంకి అలాగే ఉంది, కొసన రెండు వెంట్రుకలతో. కింద చీటీ. సేకరించినవారు, అవ్వ. దాని కింద, ఆవాసం అన్న చోట, ఆ రోజు నేను చూడకుండా వచ్చేసిన వరుసలు.

"వాలు మీద ఎర్ర గరుసు నేల. గొర్రెలు రాని కావలి బీడు. నమూనా తీసిన నాటికి కావలి: కడప, తొమ్మిది రోజులు. పక్క దుబ్బులు నలిగి ఉన్నాయి. కారణం పై వ్యక్తి."

పిల్లలు చుట్టూ ఉన్నారు కాబట్టి నేను గంభీరంగానే నిలబడ్డాను. పంచాయితీ రోజు ఆయన పేపరు చుట్ట ముఖం దగ్గర పెట్టుకున్నది నవ్వు దాచుకోవడానికి కాదని అప్పుడు తట్టింది. ఆయన ముక్కుకు జలుబు లేదు. అది బోద గడ్డి అని ఆ క్షణమే తెలిసిపోయింది. నెంద్ర ఎక్కడైనా మిగిలి ఉంటే ఆ కంప లోపలే మిగిలి ఉంటుందనీ తెలిసిపోయింది. అందులోకి పోవడానికి ఆ ఊళ్లో ఒకే ఒక్క దారి ఉంది, దొంగగా దొరకడం. ఆ దారిలో నేను అప్పటికే పోయి ఉన్నాను. ఒక్క మాట నాతో చెప్పి ఉండవచ్చు కదా అనుకున్నాను. చెప్పే ఉంటారు, నేను తుమ్ముతున్నప్పుడు. ఇంతలో నిజంగానే తుమ్ము వచ్చింది. గడ్డి మీద పడకుండా పక్కకు తిరిగి తుమ్మాను. "పాత కాగితాల దుమ్ము సార్," అన్నాడు అటెండరు మర్యాదగా.

ఫోనుతో ఆ చీటీ ఫొటో తీసి, అక్కడే నిలబడి మామకు పంపాను. మామ గని పని మానేసి చాలా కాలమైంది, కనుబొమ్మలు ఇప్పుడు పొడి లేకుండానే తెల్లగా ఉంటాయి. వెంటనే ఫోను చేశాడు.

"దీంట్లో నీ పేరు యాడుండాదిరా అల్లుడా?"

"కడప అని ఉంది చూడు మామా. అది నేనే."

"ఉండు, అక్షరాలు పెద్దవి చేసుకోనీ," అని మళ్లీ చూసుకున్నాడు.

"ఒరే, మన ఊరంతా నువ్వే అయినావు కదరా," అన్నాడు. "ఆదివారం భోజనానికి రా. మీ అత్తను రాగిసంగటి చేయమంటా."

అట్ట మూయబోతూ అటెండరు, "మరి అర్జీ ఇస్తారా సార్, తీసుకుపోతారా?" అని చెయ్యి చాపాడు. ఎనిమిదో ఉత్తరం మడతలు విప్పి చూసుకున్నాను. వద్దులే అని మళ్లీ జేబులో పెట్టుకున్నాను. ఆ గుట్ట మీద నీలి ఛాయ చూసి మురిసిపోయి, కింద ఉన్నదాన్ని వదిలేసి ఎదుటిదాని కోసం మెడ సాచుకుని కూర్చున్న ఆ ముక్కు దిబ్బడ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకే నవ్వొచ్చింది. అవ్వ ఉంటే ఈ పక్కకు తిరిగినందుకు సంతోషించేది.

అయినా ఒక్క మాట. తొమ్మిది రోజులు కాదు, పది. మొదటి రోజు మధ్యాహ్నం నుంచే కదా అని సారు దాన్ని వదిలేసి ఉంటారు. ఎండ ఎక్కువ తగిలింది ఆ సగం రోజే.